చెప్పులు బయటే విడవాలి

జూలై 2

హెడ్మాస్టరు కురియాకోస్ సార్ ఇవాళ స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగారు, పిల్లల సినిమాల పోటీకి ఈసారైనా మన స్కూలు నుంచి ఏదైనా వెళ్తుందా, లేక పోయినేడాదిలాగా నీళ్ళొచ్చాయి, కరెంటు పోయింది అని కథలు వినాలా అని. వెళ్తుంది సార్ అన్నాను. అవసరమైన దానికన్నా గట్టిగా అన్నాను. పక్కన లెక్కల మాస్టారు జార్జి మాష్ నవ్వు దాచుకోవడానికి టీ గ్లాసు ఎత్తాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

నేను సోషల్ చెప్పేదాన్ని. కంప్యూటర్ లాబు, కెమెరా, ఈ సినిమా క్లబ్బు అన్నీ నాకు అంటగట్టినప్పుడు ఏడ్చినంత పని చేశాను. ఇప్పుడు ఎవరైనా తీసుకుంటామన్నా ఇవ్వను. ఈ సంగతి జార్జి మాష్‌కి తెలియకూడదు.

ఈసారి కథ బాగుంది. ఊరంతా వరదలో మునిగితే పిల్లలు ఒక అటక మీద సొంత టీవీ పెట్టుకుని వార్తలు చదువుతారు. రాసింది ఆరోమల్, తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్న బాతులు మేపుతాడు కాబట్టి వార్తల్లో సగం బాతులవే. వార్డు మెంబరుగా బాతు ప్రమాణ స్వీకారం చేసిందన్న వార్త చదువుతుంటే కెమెరా వెనకున్న ఫిదా నవ్వాపుకోలేక ముఖమంతా ఎర్రగా చేసుకుంది. కెమెరా మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. ఆ పిల్ల చెయ్యి అలాంటిది. స్టాండు అక్కర్లేదు.

జూలై 5

ఆలప్పుళలో పెళ్ళి వీడియోలు తీసే ఒకాయన స్టూడియో మూసేస్తూ పాత లైట్లు రెండు స్కూలుకిచ్చాడు. ఇనప స్టాండ్లు, ఇనప డొప్పలు. పడవలో తెస్తుంటే కొంచెం తడిశాయి. తుడిచి వెలిగించాం. లాబంతా పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. వార్తలు చదివేవాళ్ళ వెనక కట్టిన పచ్చగుడ్డ మీద ముడతలు కూడా కనపడట్లేదు.

వైర్లన్నిటినీ నేలకి టేపు వేసి అంటించాను, ఎవరి కాలికీ తగలకుండా. మంచినీళ్ళ సీసాలు కంప్యూటర్ బల్లల దగ్గరికి తేవద్దని ఇంకోసారి చెప్పాను. ఒకడు తెస్తే కిటికీలోంచి బయటికి విసిరేశాను. ఈ విషయాల్లో నా అంత చాదస్తం ఇంకెవరికీ లేదు.

వానల నెల కర్కిటకం దగ్గరికొచ్చింది, నేల చెమరుస్తూనే ఉంది. గచ్చు మీద పిల్లల పాదాల ముద్రలు ఒకపట్టాన ఆరవు. చెప్పులు బయటే విడవాలి. అది కురియాకోస్ సార్ పెట్టిన నియమం, తలుపు మీద రాయించారు కూడా. లాబు ప్రారంభించిన రోజు దీపం వెలిగించి, ఇక్కడికి గుడికో చర్చికో మసీదుకో వచ్చినట్టు రావాలి అని చెప్పారు. అప్పట్నుంచి గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట. తనిఖీకి వచ్చినవాళ్ళందరూ ఆ గుట్ట చూసి మెచ్చుకుంటారు. నాకొక్కదానికే మినహాయింపు, మడమ నొప్పి ఉంది కాబట్టి. నా రబ్బరు చెప్పులు లాబులోనే ఉంటాయి. వాటితో బయట అడుగు పెట్టను.

జూలై 8

లైటు కరుస్తోందట.

"లైటు కాదు టీచర్, కింద రాడ్డు. ముట్టుకుంటే జివ్వుమంటోంది" అంది ఫిదా.

వెళ్ళి ఆ స్టాండుని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఏమీ లేదు. నన్నెందుకు కరవట్లేదు, టీచర్నని భయమా దానికి అన్నాను. పిల్లలు నవ్వారు. ఆరోమల్ మాత్రం వేలి కొసతో తాకి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నటన బాగా వస్తుంది వాడికి, కెమెరా ముందుకు రమ్మంటే మాత్రం రాడు. పని తప్పించుకోవడానికి ఇదొక సాకు. మళ్ళీ అంటే ఊరుకోనని చెప్పాను.

జూలై 9

లాబు గోడకి, మెయిన్ స్విచ్చి పక్కన, ఒక చిన్న పెట్టె ఉంది. ఎక్కడైనా కరెంటు కారితే దాని మీట తనంతట తనే కిందపడి లైను ఆపేస్తుంది. ఈ తడికి అది జబ్బుమనిషిలా తయారైంది. లైట్లు వేసిన కాసేపటికి టక్‌మని పడుతుంది. కంప్యూటర్లన్నీ ఆరిపోతాయి. వాటి కింద ఉండే బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయి. పిల్లలు ఆ పెట్టెకి పిరికోడు అని పేరు పెట్టారు. ఇవాళ పిరికోడు ఎన్నిసార్లు పడ్డాడో లెక్కపెట్టడం మానేశాను.

జూలై 10

కరెంటు పనివాణ్ణి పిలిపించండి సార్ అని అడిగాను. ఓణం సెలవుల్లో చూద్దాం అన్నారు. అప్పటికి పోటీ అయిపోతుంది సార్ అన్నాను. "బిందుజ టీచర్, మీరు సినిమా తీస్తున్నారా, నాకు సినిమా చూపిస్తున్నారా?" అన్నారు. గుమాస్తా కూడా నవ్వాడు.

జూలై 11

పోయింది. మొత్తం పోయింది. ఫిదా, నేను కూర్చుని వారమంతా అతికించిన మొదటి భాగం. భద్రపరిచే బటన్ మీద నా వేలు ఉండగానే పిరికోడు పడ్డాడు. మళ్ళీ వేస్తే ఆ ఫైలు తెరుచుకోలేదు. ఫిదా బల్ల మీద తల వాల్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆరోమల్ మేనమామ ఇళ్ళకి వైరింగ్ చేస్తాడు. సెలవులొస్తే వీడు ఆయన వెనకే తిరుగుతాడు.

"ఆరోమల్, ఆ పిరికోణ్ణి మధ్యలోంచి తీసెయ్. లైను డైరెక్ట్ చెయ్" అన్నాను.

వాడు గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"తియ్యొచ్చా టీచర్?"

"నేను చెప్తున్నా కదా."

మెయిన్ ఆపి, బల్ల ఎక్కి, కాసేపట్లో చేసేశాడు. చెయ్యి తిరిగినవాడిలా చేశాడు. అందరి ముందూ మెచ్చుకున్నాను.

జూలై 12

ఇవాళ ఒక్కసారి కూడా పోలేదు. ఎంత హాయిగా ఉందో.

జూలై 15

వాన. కలెక్టరు సెలవిచ్చాడు. మా ఆయన ప్రసన్నన్ బ్యాంకుకి వెళ్ళడం ఎలాగా అని పడవల కోసం ఫోన్లు చేస్తుంటే నేను కర్రపెండలం ఉడకేసి, ఎర్రగా చేపల పులుసు పెట్టాను. వంట చేస్తూ పాట పాడానట. పెళ్ళయ్యాక నేను పాడటం ఇదే మొదటిసారి అని వెక్కిరించాడు. సినిమా బాగా వస్తోంది మరి. ఈసారి జార్జి మాష్ ఏ గ్లాసు వెనక దాక్కుంటాడో చూస్తాను.

జూలై 18

ఫిదాకి కరెంటు కొట్టింది. బతికే ఉంది. బతికే ఉంది.

జూలై 19

జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే బుర్రలోంచి పోయేలా లేదు.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక చివరి వార్త తీస్తున్నాం. నేను కంప్యూటర్ ముందు, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాటల శబ్దం సరిచూస్తున్నాను. జల్లు కొట్టి కిటికీ కింద నేలంతా తడి. పిల్లలు వరండాలో చేతులు, కాళ్ళు కడుక్కుని అలాగే వచ్చారు. లైటు కొంచెం జరపాలని ఫిదా ఎడమ చేత్తో కెమెరా పట్టుకుని, కుడి చేత్తో స్టాండు పట్టుకుంది.

అరవలేదు. అరిచి ఉంటే వినేదాన్ని. కరెంటు పట్టేస్తే గొంతు రాదట. నేను తల తిప్పేసరికి ఆరోమల్ ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి ఆ స్టాండుని బాదుతున్నాడు. "ఏంట్రా ఆ వెధవ పని" అని వాణ్ణి తిట్టాను. తిట్టాను, బాగా గుర్తుంది. స్టాండు ఒకవైపు పడింది, ఫిదా ఒకవైపు పడింది. వాడు పరుగెత్తుకెళ్ళి మెయిన్ కట్టేశాడు. అప్పటికి నాకు అర్థమైంది.

పంచాయతీ బోటులో ఆలప్పుళ తీసుకెళ్ళాం. ఒడిలో పడుకోబెట్టుకున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడట్లేదు. నేను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. కుడి అరచెయ్యి వైపు ఒకసారి చూసి, నా కొంగు తీసి కప్పేశాను. బోటు నడిపేవాడు ఏం భయం లేదు టీచర్, ఏం భయం లేదు అంటూనే ఉన్నాడు.

జూలై 20

గుండెకి ప్రమాదం లేదన్నారు. అరచేతి మీద చర్మం వెయ్యాలి. చివరి రెండు వేళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఫిదా వాళ్ళమ్మ సుబైదా నా చేతులు పట్టుకుని ఏడ్చింది. మీరు పక్కన ఉండబట్టి నా బిడ్డ నాకు దక్కింది టీచర్ అంది. తల ఊపాను.

జూలై 22

ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కురియాకోస్ సార్ ఆయన్ని కూడా గుమ్మం దగ్గర బూట్లు విప్పమన్నారు. అలవాటు. ఆయన సార్ ముఖంలోకి చూసి, "పిల్లలు కూడా ఇలాగే వస్తారా, ఈ తడి నేల మీద?" అన్నాడు. సార్‌కి అప్పటికీ అర్థం కాలేదు. లాబు పెట్టినప్పటి నుంచి ఒక్కరు కూడా చెప్పులతో అడుగు పెట్టలేదని గొప్పగా చెప్పారు. ఆయన బూట్లతోనే లోపలికి వెళ్ళాడు.

లైటు విప్పి చూపించాడు. లోపల వైరు తొడుగు చిట్లి ఇనుముకి తగులుతోంది. వట్టి కాళ్ళతో తడిలో నిలబడి ముట్టుకుంటే కరెంటుకి ఒంట్లోంచి నేలకి దారి దొరుకుతుంది, రబ్బరు మీద నిలబడినవాళ్ళకి ఏమీ తెలియదు అన్నాడు. పిల్లలకి పాఠం చెప్పినంత మామూలుగా అన్నాడు. నేను నా కాళ్ళ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

తర్వాత గోడ మీద పెట్టె తెరిచాడు.

"ఇది మధ్యలో ఉండుంటే ఆ పిల్ల చెయ్యి పెట్టిన క్షణంలో లైను ఆగిపోయేది. దీన్ని ఎవరు తప్పించారు?"

సార్ క్లబ్బు పిల్లలందర్నీ పిలిచి వరసగా నిలబెట్టారు. ఆరోమల్ ఒకడుగు ముందుకొచ్చి నేనే సార్ అన్నాడు. ఎవరు చెయ్యమన్నారని సార్ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. నన్నూ అడగలేదు. ఇన్‌స్పెక్టరు ముందు, అంత గొడవలో, ఎలా చెప్పను? రేపు సార్‌తో విడిగా చెప్తాను.

జూలై 23

జ్వరం. సెలవు పెట్టాను.

జూలై 24

ఆరోమల్‌కి టీసీ ఇచ్చి పంపేస్తారట. ప్రవర్తన అనే చోట బాగోలేదని రాస్తారట. అలా రాస్తే చుట్టుపక్కల ఏ స్కూలూ చేర్చుకోదు. సార్ గది దాకా వెళ్ళాను. లోపల స్కూలు మేనేజరు ఉన్నారు. తిరిగొచ్చాను.

నేను అన్నది దీనికేదైనా దారి లేదా అని. పిల్లాడు నిజంగా వెళ్ళి పెట్టె విప్పేస్తాడని నేనెలా అనుకుంటాను?

ప్రసన్నన్‌తో చెప్పాను, అన్నీ కాదు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. నువ్వు అన్నావని ఇంతవరకు ఎవరైనా అన్నారా అని అడిగాడు. లేదన్నాను. "మరింకేం. వాడికి ఇంకో స్కూలు దొరుకుతుంది. నీకు ఇంకో ఉద్యోగం దొరకదు" అన్నాడు. దొరకదని పైన రాశాను కదా, ఏ స్కూలూ చేర్చుకోదని. ఆయనకి మాత్రం చెప్పలేదు. ఆ మాట ఆయన నోటితో అనిపించుకోవడానికే చెప్పానేమో.

జూలై 25

ఆరోమల్ ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. చెప్దామనే అనుకుంటా.

గట్టు మీద ఇల్లు. చుట్టూ నీళ్ళు. నన్ను చూడగానే వాళ్ళమ్మ లతిక లేచి చెంగుతో బల్ల తుడిచింది. నల్ల టీ పెట్టి ఇచ్చింది. వాడి నాన్న రెండు రోజులుగా వాడితో మాట్లాడట్లేదట. స్కూలు పోతే బాతుల వెంట పొమ్మన్నాడట.

"మీరంటే వీడికి ప్రాణం టీచర్. ఇంట్లో ఎప్పుడూ మీ పేరే. ఆ సార్‌తో మీరొక్క మాట చెప్తే వింటారు. వీడు కావాలని చేసుండడని మీకు తెలుసు కదా."

తెలుసన్నాను. తప్పకుండా మాట్లాడతానన్నాను. ఆవిడ నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే పట్టుకుని ఆపాను. టీ మొత్తం తాగాను.

ఆరోమల్ నీళ్ళలో మోకాలి లోతున నిలబడి బాతుల్ని దొడ్లోకి తోలుతున్నాడు. నేను వెళ్ళేటప్పుడు పడవ తాడు విప్పడానికి వచ్చాడు.

"ఫిదా ఎలా ఉంది టీచర్?"

"బాగుంది."

"చెయ్యి?"

చీకటి పడుతోంది, వెళ్ళాలన్నాను. వాడు పడవని నీళ్ళలోకి నెట్టి అక్కడే నిలబడ్డాడు.

జూలై 26

అసలు గట్టిగా అన్నానా? ఫాన్ల మోత, పిల్లల గోల. నాలో నేను విసుక్కుని ఉంటాను. వాడే ఏదో అర్థం చేసుకుని ఉంటాడు. మిగతావాళ్ళు వినే ఉండరు.

జూలై 28

ఆసుపత్రికి వెళ్ళాను. చివరి రెండు వేళ్ళు వంగట్లేదు. కట్టు మారుస్తుంటే చూశాను. నర్సు కెమెరా పట్టుకునే చెయ్యా అని అడిగింది, ఎవరో చెప్పారట. ఫిదా ఎడమ చేత్తో పట్టుకోవడం నేర్చుకుంటానంది. పదమూడేళ్ళ పిల్ల నర్సుని ఓదారుస్తోంది.

సుబైదా కమలాపండు ఒలుస్తూ ఆరోమల్‌ని తిడుతూనే ఉంది. బాతులవాడి కొడుక్కి కరెంటు పెట్టెతో ఏం పని, ఆ చేతులు విరగ అంది. "ఉమ్మా, ఊరుకో" అంది ఫిదా. అని నా వైపు చూసింది. నేను ఫ్లాస్కు మూత సరిచేస్తున్నాను.

ఆ రోజు సంగతులు ఏమైనా గుర్తున్నాయా అని మెల్లగా అడిగాను.

"అన్నీ గుర్తున్నాయి టీచర్."



జూలై 30

రేపు తల్లిదండ్రుల సంఘం మీటింగు. ఆరోమల్ సంగతి అక్కడే తేలుస్తారు. కురియాకోస్ సార్ నన్ను పిలిచి కూర్చోబెట్టారు, ఎప్పుడూ లేనిది టీ తెప్పించారు. "ఒక్క వాక్యం చాలు టీచర్. నాకు తెలియకుండా పిల్లాడు చేశాడు అనండి. స్కూలు పరువు నిలబడుతుంది, మీకూ ఏ ఇబ్బందీ రాదు." సార్‌కి అనుమానం ఉంది. అనుమానం ఉందని నాకు తెలియడం కూడా ఆయనకి కావాలి.

వంటింట్లో గంజి వారుస్తూ ఆ వాక్యం పైకి అని చూసుకున్నాను. నాకు తెలియకుండా పిల్లాడు చేశాడు. మొదటిసారి సగంలో ఆగిపోయాను. తర్వాత బాగానే వచ్చింది.

జూలై 31

హాలు నిండా జనం. సుబైదా ముందు వరసలో కూర్చుంది. ఆరోమల్ నాన్నకి కుర్చీ వేస్తే కూర్చోలేదు, ఉతికిన తెల్ల పంచె కట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. క్లబ్బు పిల్లలు కిటికీల దగ్గర. వాళ్ళని ఎవరూ రమ్మనలేదు, వాళ్ళే వచ్చారు.

సార్ ఆరోమల్‌ని లేపి, ఆ పెట్టె నువ్వే విప్పావా అని అడిగారు. అవును సార్ అన్నాడు. అందరూ వినాలని ఈసారి రెండో ప్రశ్న కూడా అడిగారు, ఎవరైనా చెయ్యమన్నారా అని.

"లేదు సార్."

నాకు ఊపిరి ఆడింది. దాచుకోకుండా రాయాలి. మొట్టమొదట కలిగింది సంతోషమే. ఇంక ఎవరూ నా జోలికి రారు అనుకున్నాను.

సార్ నా వైపు తిరిగారు. లేచి నిలబడ్డాను. వాక్యం నోటి దాకా వచ్చింది. అప్పుడు గోడ దగ్గర నుంచి ఆరోమల్ నాన్న ఒక మాట అంటాను సార్ అన్నాడు. బతిమాలడం లేదు, పోట్లాడటం లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు.

"మావాడు అడక్కుండా ఇంట్లో టార్చిలైటు కూడా విప్పడు సార్. మొదట్నుంచీ అంతే. ఇంత పని అడక్కుండా ఎలా చేశాడో రోజూ ఆలోచిస్తున్నా, నాకు తోచట్లేదు."

వెనక ఎవరో నవ్వారు. ఆరోమల్ తల వంచుకున్నాడు. ఇంతవరకు వాడు ఏడవడం నేను చూడలేదు. శబ్దం రాకుండా ఏడుస్తున్నాడు, చొక్కా గుండీ ఒకటి పట్టుకుని తిప్పుతూ.

"అడిగాడు" అన్నాను.

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. సార్ గబగబా ఏదో అనబోయారు. నేను ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను. "తియ్యొచ్చా టీచర్ అని నన్ను అడిగాడు. నేను చెప్తున్నా కదా అన్నాను. ఆ పెట్టె తీసెయ్యమని చెప్పింది నేనే. లైటు జివ్వుమంటోందని పిల్లలు ముందే చెప్పారు. నేను చెప్పులతో నిలబడి ముట్టుకుని, ఏమీ లేదు, మళ్ళీ అంటే ఊరుకోను అన్నాను. వాడు ఆ కుర్చీ ఎత్తకపోతే ఫిదా ఇవాళ ఉండేది కాదు. నేనప్పుడు కూడా వాణ్ణే తిట్టాను."

సుబైదా నా వైపే చూస్తోంది. ఆ చూపు గురించి రాయను. కురియాకోస్ సార్ ఆరోమల్ వైపు తిరిగారు.

"మరి నువ్వెందుకు చెప్పలేదురా?"

"టీచరే చెప్తారనుకున్నా సార్" అన్నాడు. ముక్కు తుడుచుకుని, "రోజూ అనుకున్నా" అన్నాడు.

అందులో నిష్ఠూరం లేదు. బస్సు వస్తుందనుకున్నా, రాలేదు అన్నట్టు చెప్పాడు. వాడి నాన్న వచ్చి భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్ళాడు. నన్ను దాటి వెళ్ళారు. నేను పక్కకి తప్పుకున్నాను.

ఆగస్టు 2

సస్పెన్షన్ కాయితం ఇచ్చారు. ఆరోమల్‌కి టీసీ ఇవ్వట్లేదు. సినిమా ఈ ఏడాది కూడా వెళ్ళదు. లాబుకి తాళం. ప్రసన్నన్ నాతో మాట్లాడట్లేదు. నా అన్నం నేను పెట్టుకుని తిన్నాను, ఇన్ని రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. సిగ్గుగా ఉంది, అయినా తిన్నాను.

ఆగస్టు 4

పొద్దున్నే ఫిదా ఫోన్ చేసింది. మొన్ననే ఇంటికి వచ్చిందట. ఎలా ఉన్నావు అనే లోపే అంది:

"టీచర్, ఉమ్మా నాతో మాట్లాడట్లేదు."

ఎందుకని అడిగాను. ఆసుపత్రిలో ఉన్నప్పుడే సుబైదాకి అనుమానం వచ్చిందట. ఆ పిల్లాడికి మీ టీచర్ గాని చెప్పిందా అని కూతుర్ని అడిగిందట. లేదని చెప్పిందట ఫిదా. వాళ్ళమ్మ నమ్మకపోతే ఆవిడ తలమీద చెయ్యి వేసి ఒట్టు కూడా పెట్టిందట, ఆ కట్టు కట్టిన చెయ్యి. ఇప్పుడేమో సుబైదా, నా తల మీద చెయ్యి పెట్టి అబద్ధమాడినదానివి, నీ మాట ఇంకెప్పుడు నమ్మాలి అంటోందట. అన్నం పెడుతోంది, మందు రాస్తోంది, ఒక్క మాట మాట్లాడట్లేదు.

"ఎందుకు అబద్ధం చెప్పావే?" అన్నాను.

"మీరు చెప్తారని ఆరోమల్ అన్నాడని క్లబ్బు పిల్లలు ఆసుపత్రికొచ్చి చెప్పారు. మీరు చెప్పేదాకా ఎవ్వరూ నోరు విప్పకూడదని అందరం అనుకున్నాం."

అందరూ విన్నారు. అందరూ మొదట్నుంచీ విన్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళు నా ముఖం చూస్తూ ఎదురుచూశారు, నేను ఫ్లాస్కు మూతలు సరిచేసుకున్నాను.

"మీరొచ్చి ఉమ్మాకి చెప్పండి టీచర్. నేను చెప్తే నమ్మట్లేదు."

ఫోన్ పెట్టేసి చీర మార్చుకున్నాను. హాలు నిండా జనం ముందు చెప్పడం సులువు. ఆ ఒక్క మనిషి ముందు చెప్పడం కాదు. రేవు దగ్గర ఒక బోటు వదిలేశాను. రెండోది ఎక్కాను.

సుబైదా గుమ్మంలోనే నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఫిదా లోపల చాప మీద కూర్చుని ఉంది. క్షమించమని అడగబోయి ఆపుకున్నాను, నేనక్కడికి వెళ్ళింది అందుకు కాదు. ఆ పిల్ల ఒట్టు పెట్టింది నా కోసమని, నేను నోరు మూసుకుంటే పిల్లలందరూ మూసుకున్నారని, ఆ అబద్ధం నాదే గాని ఆ పిల్లది కాదని చెప్పాను. నన్ను ఏమన్నా పడతాను, పిల్లతో మాత్రం మాట్లాడండి అన్నాను.

సుబైదా నా వైపు చూడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి దువ్వెన, కొబ్బరినూనె సీసా తెచ్చి, ఫిదా వెనక కూర్చుంది. ఆ జుట్టుకి చాలా రోజులుగా దువ్వెన తగిలినట్టు లేదు. ఆ పిల్ల తన చేత్తో తాను దువ్వుకోలేదు. అంతా చిక్కుబడి ఉంది. సుబైదా ఒక్కొక్క పాయ తీసి నూనె రాసి, కింది నుంచి మెల్లగా విడదీయడం మొదలుపెట్టింది.

"నొప్పెడితే చెప్పు" అంది కూతురితో.

ఫిదా తల ఊపింది. చిక్కు లాగినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది గాని ఏమీ అనలేదు.

"చెప్పమన్నాను కదా" అంది సుబైదా.

"నొప్పిగా ఉంది ఉమ్మా" అంది ఫిదా, ఏడ్చింది.

నేను వెళ్తానన్నాను. ఇద్దరూ తల ఎత్తలేదు. గట్టు మీద నడుచుకుంటూ రేవుకి వచ్చేశాను.